భాగించకుండా తెలిసిన ప్రధాన సంఖ్య: 2¹²⁷ − 1 చరిత్ర

1. పరిచయం

ఈ పాఠ్యభాగంలో మీరు ఒకే ఒక్క సంఖ్య చరిత్రను చదువుతారు. ఆ సంఖ్య ఇది:

170141183460469231731687303715884105727

దీనిలో 39 అంకెలున్నాయి. 127 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, ఆ లబ్ధం నుండి 1 తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. దీనిని 2¹²⁷ − 1 అని రాస్తాం. ఇది ప్రధాన సంఖ్య. అంటే 1, తాను తప్ప దీనికి మరో భాజకం లేదు.

ఇది ప్రధాన సంఖ్య అని 1644లో ఫ్రాన్సు దేశపు సన్యాసి మారిన్ మెర్సెన్ ప్రకటించాడు. 1876లో అదే దేశపు ఉపాధ్యాయుడు ఎడ్వార్డ్ లూకాస్ దానిని లెక్క ద్వారా నిర్ధారించాడు. ఈ రెండింటి మధ్య 232 సంవత్సరాలు గడిచాయి. మెర్సెన్ చెప్పిన మాట నిజమే అయినప్పుడు, గణిత చరిత్ర ఆ ఘనతను లూకాస్‌కు ఎందుకు ఇచ్చింది? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని పాఠాన్ని చదవండి. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. మధ్యలో వచ్చే చిన్న లెక్కలను మీరే స్వయంగా చేస్తే విషయం స్పష్టమవుతుంది.

2. ఈ రూపం ఎక్కడి నుండి వచ్చింది?

'2 ఘాతం నుండి 1 తీసివేత' అనే రూపానికి మూలం ప్రాచీన గ్రీకు గణితంలో ఉంది. ఒక సంఖ్య, తనను మినహాయించి తన భాజకాలన్నింటి మొత్తానికి సమానమైతే దానిని పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 = 1 + 2 + 3 కాబట్టి 6 పరిపూర్ణ సంఖ్య. 28 = 1 + 2 + 4 + 7 + 14 కాబట్టి 28 కూడా అంతే. యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' తొమ్మిదవ భాగంలో వీటిని తయారుచేసే మార్గం చూపాడు. 2² − 1 = 3 ప్రధాన సంఖ్య. దానిని 2తో గుణిస్తే 6 వస్తుంది. 2³ − 1 = 7 ప్రధాన సంఖ్య. దానిని 4తో గుణిస్తే 28 వస్తుంది. ఇలా ఈ రూపంలో ఒక ప్రధాన సంఖ్య దొరికినప్పుడల్లా ఒక పరిపూర్ణ సంఖ్య కూడా దొరుకుతుంది.

ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే ఈ రూపంలో ప్రధాన సంఖ్య రాదు. ఉదాహరణకు 2⁶ − 1 = 63. దీనిని 2² − 1 = 3, 2³ − 1 = 7 రెండూ భాగిస్తాయి. కాబట్టి ఘాతాంకం ప్రధాన సంఖ్యగా ఉండటం తప్పనిసరి. అయితే అది మాత్రమే సరిపోతుందా? 2, 3, 5, 7 ఘాతాంకాలకు వరుసగా 3, 7, 31, 127 వస్తాయి. నాలుగూ ప్రధాన సంఖ్యలే. అయిదవది 11. 2¹¹ − 1 = 2047 = 23 × 89 అని 1536లో రేగియస్ చూపాడు. అంటే నాలుగు ఉదాహరణలు సరిపోయినంత మాత్రాన నియమం సిద్ధించదు. ఈ చరిత్ర అంతటా మీకు ఈ పాఠమే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

3. మెర్సెన్ జాబితా

మెర్సెన్ (1588–1648) పారిస్‌లోని ఒక మఠంలో నివసించేవాడు. ఆ కాలంలో శాస్త్ర పత్రికలు లేవు. ఐరోపాలోని పండితులు తమ ఆలోచనలను ఉత్తరాల ద్వారా పంచుకునేవారు. వారిలో చాలామందికి మెర్సెన్ కేంద్రబిందువు. ఫెర్మా, డెకార్ట్ వంటివారు ఆయనతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపారు.

1644లో ప్రచురించిన గ్రంథంలో మెర్సెన్ ఒక జాబితా ఇచ్చాడు. 257 వరకు గల ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనే పదకొండింటికి మాత్రమే ఈ రూపంలో ప్రధాన సంఖ్యలు వస్తాయని అందులో ప్రకటించాడు. నిరూపణ ఇవ్వలేదు. 15 లేక 20 అంకెల సంఖ్య ప్రధానమో కాదో తేల్చడానికి ఉన్న కాలమంతా చాలదని కూడా ఆయనే రాశాడు. అంటే 39 అంకెల సంఖ్యను, 78 అంకెల సంఖ్యను తాను పరీక్షించలేదని మెర్సెన్ ఒకవిధంగా ఒప్పుకున్నట్లే.

తరువాతి కాలంలో ఈ జాబితాలో అయిదు తప్పులు బయటపడ్డాయి. 67, 257 అందులో ఉండకూడదు. 61, 89, 107 ఉండాలి కానీ లేవు. 127 విషయంలో మాత్రం ఆయన మాట నిజమైంది. పక్కనే ఉన్న 67, 257లను కూడా ఆయన అంతే ధీమాతో చెప్పాడన్న సంగతి గుర్తుంచుకోండి. సరైన మాటనూ, తప్పు మాటనూ వేరుచేసి చూపే ఆధారం ఆ జాబితాలో లేదు. అయినా ఈ రూపంలోని సంఖ్యలకు నేటికీ మెర్సెన్ సంఖ్యలనే పేరు నిలిచింది. ఆయన వేసిన ప్రశ్నకు దక్కిన గౌరవం అది.

4. భాగహార మార్గం ఎంత దూరం తీసుకుపోయింది?

ఒక సంఖ్య ప్రధానమో కాదో తెలుసుకోవడానికి పాఠశాలలో మీరు నేర్చుకున్న పద్ధతి గుర్తుందా? ఆ సంఖ్య వర్గమూలం వరకు గల ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించి చూడటం. ఇటలీకి చెందిన కతాల్డి ఈ పద్ధతిలోనే 2¹⁷ − 1 = 131071, 2¹⁹ − 1 = 524287 ప్రధాన సంఖ్యలని తేల్చాడు. రెండవదాని వర్గమూలం 724 మాత్రమే కాబట్టి అది సాధ్యమైంది. అక్కడితో ఆగక 23, 29, 31, 37 ఘాతాంకాలకూ ప్రధాన సంఖ్యలే వస్తాయని కతాల్డి చెప్పాడు. ఆ నాలుగింటిలో 31 ఒక్కటే నిలిచింది.

1640లో ఫెర్మా శ్రమను తగ్గించే మార్గం కనుగొన్నాడు. ఘాతాంకం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, మెర్సెన్ సంఖ్యకు ఉండే ప్రతి భాజకం ఆ ఘాతాంకపు రెట్టింపుతో భాగిస్తే 1 శేషం ఇవ్వాలి. 23కు రెట్టింపు 46. కాబట్టి మొదట పరీక్షించవలసినది 47. నిజంగానే 2²³ − 1 = 47 × 178481. అదేవిధంగా 2³⁷ − 1ను 223 భాగిస్తుందని ఫెర్మా చూపాడు.

ఆయిలర్ ఈ మార్గాన్ని మరింత ఇరుకు చేశాడు. 2³¹ − 1 = 2147483647 విషయంలో భాజకం 62తో భాగిస్తే 1 శేషం ఇవ్వడమే కాక, 8తో భాగిస్తే 1 లేదా 7 శేషం ఇవ్వాలి. వర్గమూలం సుమారు 46340. ఈ రెండు షరతులకూ లోబడే సంఖ్యలు అంతవరకు సుమారు 370 మాత్రమే. వాటిలో ఏదీ భాగించలేదు. 1772లో ఆయిలర్ దీనిని ప్రధాన సంఖ్యగా ప్రకటించాడు. 1811లో ఆంగ్ల గణితవేత్త పీటర్ బార్లో తన పుస్తకంలో, దీని నుండి వచ్చే పరిపూర్ణ సంఖ్యను మించినది ఇక ఎవరూ కనుగొనరని రాశాడు. ఇవి వింతగా ఉండటమే తప్ప ఉపయోగం లేనివని, అందువల్ల ఎవరూ ఆ శ్రమకు పూనుకోరని ఆయన చెప్పిన కారణం.

ఇదే పద్ధతిని 2¹²⁷ − 1కు వర్తింపజేస్తే ఏమవుతుందో లెక్కించండి. వర్గమూలంలో 20 అంకెలుంటాయి. ఫెర్మా, ఆయిలర్ల షరతులతో వడకట్టిన తరువాత కూడా సెకనుకు ఒక భాగహారం చొప్పున రాత్రింబవళ్లు చేస్తే సుమారు 80 కోట్ల సంవత్సరాలు పడుతుంది. భాగహార మార్గం ఇక్కడ మూసుకుపోయింది. మరింత ఓపిక ఉన్న మనిషి వచ్చినా ప్రయోజనం లేదు. వేరే మార్గం కావాలి.

5. లూకాస్ చూపిన మార్గం

ఎడ్వార్డ్ లూకాస్ (1842–1891) అమియెన్ పట్టణంలో జన్మించాడు. కొంతకాలం పారిస్ ఖగోళ వేధశాలలో పనిచేశాడు. 1870లో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో ఫిరంగిదళ అధికారిగా ఉన్నాడు. ఆ తరువాత జీవితమంతా ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించాడు. గణిత వినోదాలంటే ఆయనకు ఎంతో ఇష్టం. 'హనోయ్ గోపురం' అనే పళ్లాల ఆటను 1883లో బయటకు తెచ్చినది ఆయనే. ఆ ఆటలో ఏడు పళ్లాలను మార్చడానికి కనీసం 2⁷ − 1 = 127 కదలికలు కావాలి. ఆయన ఆటలో కూడా మెర్సెన్ సంఖ్యలే ఉన్నాయన్నమాట.

5.1 లఘువు, గురువుల లెక్క

లూకాస్ పద్ధతికి పునాది ఫిబొనాచి సంఖ్యలు: 1, 1, 2, 3, 5, 8, 13... ప్రతి సంఖ్య తన ముందున్న రెండింటి మొత్తం. ఈ వరుసకు ఫిబొనాచి పేరును వ్యాప్తిలోకి తెచ్చినవాడు లూకాసే. ఇటలీకి చెందిన ఫిబొనాచి 1202లో దీనిని రాశాడు. అయితే అంతకు ముందే భారతీయ ఛందశ్శాస్త్రజ్ఞులు విరహాంకుడు, హేమచంద్రుడు మాత్రల లెక్కలో ఈ వరుసను వివరించారు.

తెలుగు ఛందస్సు చదివిన మీకు ఇది సులభంగా అర్థమవుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. నాలుగు మాత్రల గణాలు ఎన్ని? కంద పద్యంలో వచ్చే గగ, భ, జ, స, నల. మొత్తం అయిదు. మూడు మాత్రలకు మూడు విధాలు, రెండు మాత్రలకు రెండు విధాలు. నాలుగు మాత్రల గణం చివర లఘువుంటే దాని ముందు మూడు మాత్రలు, గురువుంటే దాని ముందు రెండు మాత్రలు ఉంటాయి. అందుకే 3 + 2 = 5. అదే నియమంతో అయిదు మాత్రలకు 5 + 3 = 8. ఛందస్సులో ఎన్ని విధాలని లెక్కించడానికి పుట్టిన వరుస, భాజ్యతను పరీక్షించే సాధనంగా లూకాస్ చేతిలో మారింది.

ఇదే కూడిక నియమాన్ని 1, 3లతో మొదలుపెడితే 1, 3, 4, 7, 11, 18, 29, 47... వస్తుంది. వీటిని నేడు లూకాస్ సంఖ్యలంటారు. ఇందులో 2వ, 4వ, 8వ స్థానాల్లోని 3, 7, 47లను చూడండి. 3 × 3 − 2 = 7. 7 × 7 − 2 = 47. స్థానం రెట్టింపయినప్పుడు, వర్గం చేసి 2 తీసివేస్తే చాలు. వరుసలోని మిగతా సంఖ్యలను రాయకుండానే ఎంతో దూరానికి గెంతవచ్చు.

5.2 పరీక్ష

నేటి భాషలో పరీక్ష ఇలా ఉంటుంది. 4తో భాగిస్తే 3 శేషం ఇచ్చే ప్రధాన ఘాతాంకాన్ని తీసుకోండి. 3తో మొదలుపెట్టండి. ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషాన్ని మాత్రం ఉంచుకోండి. ఘాతాంకం కంటే ఒకటి తక్కువైన స్థానంలో 0 వస్తే అది ప్రధాన సంఖ్య. రాకపోతే సంయుక్త సంఖ్య.

ఘాతాంకం 7 అయితే పరీక్షించే సంఖ్య 127. వరుస: 3, 7, 47, 48, 16, 0. ఆరవ స్థానంలో 0 వచ్చింది. కాబట్టి 127 ప్రధాన సంఖ్య.

ఘాతాంకం 11 అయితే పరీక్షించే సంఖ్య 2047. వరుస: 3, 7, 47, 160, 1034, 620, 1609, 1471, 160, 1034. పదవ స్థానంలో 0 రాలేదు. కాబట్టి 2047 సంయుక్త సంఖ్య. ఇక్కడ ఒక విశేషం గమనించండి. 23, 89 అనే కారణాంకాలు ఈ లెక్కలో ఎక్కడా కనిపించలేదు. సంఖ్యను విడగొట్టకుండానే అది విడిపోతుందని తెలిసింది.

127ను 4తో భాగిస్తే శేషం 3. కాబట్టి 2¹²⁷ − 1కు ఈ పరీక్ష వర్తిస్తుంది. 126వ స్థానం వరకు వెళ్లాలంటే 125 సార్లు వర్గం చేయాలి. 80 కోట్ల సంవత్సరాల పని 125 మెట్లకు తగ్గింది.

5.3 భాగహారం లేని భాగహారం

ప్రతి మెట్టులో 39 అంకెల సంఖ్యను వర్గం చేసి మరో 39 అంకెల సంఖ్యతో భాగించడం కూడా తేలిక కాదు. ఇక్కడ మెర్సెన్ సంఖ్యల ప్రత్యేక గుణం సహాయపడింది. 127తో భాగించేటప్పుడు 128 శేషం 1. కాబట్టి 128లు ఎన్ని ఉన్నాయో చూసి, ఆ సంఖ్యను మిగిలినదానికి కలిపితే చాలు. పై వరుసలో 47 వర్గం 2209. ఇందులో 128లు 17, మిగిలినది 33. 17 + 33 = 50. రెండు తీసివేస్తే 48. భాగహారం చేయకుండానే శేషం వచ్చింది.

సంఖ్యలను 0, 1లతో మాత్రమే రాసే ద్విసంఖ్యామానంలో ఇది ఇంకా సులభం. ఎడమవైపు మిగిలిపోయిన భాగాన్ని మడిచి కుడివైపు కలిపినట్లే. లూకాస్ ఇందుకోసం 127 అడ్డు వరుసలు, 127 నిలువు వరుసలు గల చదరంగపు పలక వంటి అమరికను వివరించాడు. గడిలో పావు ఉంటే 1, లేకపోతే 0. 1876లో ఆయన ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు పత్రికలో తన ఫలితాన్ని ప్రకటించాడు. అప్పటికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యలో 13 అంకెలుండేవి. ఒక్కసారిగా అది 39 అంకెలకు పెరిగింది.

6. చేతితో చేసిన లెక్క నిరూపణ అవుతుందా?

చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. 125 మెట్లలో ఎక్కడైనా ఒక గడి తప్పితే? పైగా లూకాస్ తన సిద్ధాంతాలకు ఇచ్చిన నిరూపణల్లో కొన్ని లోపాలున్నాయి. మెర్సెన్ మాటను నమ్మనప్పుడు లూకాస్ మాటను మాత్రం ఎందుకు నమ్మాలి?

సమాధానం ఇది. మెర్సెన్ ఫలితాన్ని మాత్రమే ఇచ్చాడు. లూకాస్ ఫలితంతోపాటు దారిని కూడా ఇచ్చాడు. దారి తెలిస్తే మరొకరు నడిచి చూడవచ్చు, గుంతలుంటే పూడ్చవచ్చు. సరిగ్గా అదే జరిగింది. 1913లో అమెరికా గణితవేత్త కార్మైకేల్ లూకాస్ సిద్ధాంతాలను సరిదిద్ది పటిష్ఠం చేశాడు. 1914లో ఫ్రాన్సుకు చెందిన ఫోకంబెర్గ్ 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్యేనని తన లెక్కతో ధృవీకరించాడు. 1930లో అమెరికాకు చెందిన లేమర్, 4తో మొదలై బేసి ప్రధాన ఘాతాంకాలన్నింటికీ వర్తించే రూపాన్ని పూర్తి నిరూపణతో ఇచ్చాడు. దానినే నేడు లూకాస్–లేమర్ పరీక్ష అంటారు.

మెర్సెన్ జాబితాలోని తప్పులు కూడా ఒక్కొక్కటిగా తేలాయి. 1883లో రష్యాకు చెందిన క్రైస్తవ పురోహితుడు పెర్వుషిన్ 61ని, 1911లో అమెరికాకు చెందిన ఔత్సాహిక గణితవేత్త పవర్స్ 89ని, 1914లో 107ను చేర్చారు. 2⁶⁷ − 1 సంయుక్త సంఖ్యేనని 1876లోనే లూకాస్ చెప్పాడు. కానీ కారణాంకాలు తెలియలేదు. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన అమెరికా గణిత సంఘ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని చూపాడు: 193707721 × 761838257287. కోల్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా నల్లబల్లపై గుణకారం చేసి చూపి కూర్చున్నాడని చెబుతారు. 257 వరకు ఘాతాంకాలన్నింటి పరిశీలన 1947 నాటికి ముగిసింది. మెర్సెన్ ఒక్క వాక్యంలో చెప్పినదానిని సరిచూడటానికి మూడు శతాబ్దాలు పట్టింది.

7. యంత్రాల కాలం, ఉపయోగం

2¹²⁷ − 1 ప్రపంచంలో తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యగా 75 సంవత్సరాలు నిలిచింది. 1951లో ఫెరియర్ మేజాబల్ల గణన యంత్రంతో 44 అంకెల ప్రధాన సంఖ్యను కనుగొన్నాడు. 1952 జనవరి 30న రాబిన్సన్ రాసిన ప్రోగ్రాం లాస్ ఏంజెలిస్‌లోని స్వాక్ అనే కంప్యూటరుపై 2⁵²¹ − 1, 2⁶⁰⁷ − 1 రెండింటినీ ఒకే రాత్రి పట్టుకుంది. అది వాడినది లూకాస్–లేమర్ పరీక్షనే. 2024లో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. దానిని నిర్ధారించినది కూడా అదే పరీక్ష.

మరి బార్లో చెప్పినట్లు ఇవి ఉపయోగం లేనివా? కంప్యూటర్లు సమాచారాన్ని రహస్యంగా పంపేటప్పుడు ఒక ప్రధాన సంఖ్యతో భాగించి శేషాలు తీసుకునే లెక్కను లెక్కకు మించి చేయాలి. 5.3లో మీరు చేసిన మడత లెక్క గుర్తుంది కదా? అదే ఇక్కడ వేగాన్నిస్తుంది. అందుకే అమెరికా ప్రభుత్వ ప్రమాణాల్లో ఒకదానికి 2⁵²¹ − 1ను, 2015లో ప్రకటించిన ఫోర్‌క్యూ అనే గూఢలేఖన పద్ధతికి 2¹²⁷ − 1ను ఎంచుకున్నారు. ఈ పద్ధతుల్లో ప్రధాన సంఖ్య రహస్యం కాదు, అందరికీ తెలిసినదే. దానిపై చేసే లెక్కలో వాడే తాళంచెవి మాత్రమే రహస్యం. చదరంగపు పలకపై లూకాస్‌కు పని తగ్గించిన గుణమే నేడు యంత్రానికీ పని తగ్గిస్తోంది.

8. సారాంశం

2¹²⁷ − 1 ప్రధానమని ముందుగా చెప్పినవాడు మెర్సెన్. దానిని తెలుసుకునే దారి చూపినవాడు లూకాస్. ఆ దారిని సరిచేసి అందరికీ నడవదగినదిగా చేసినవారు కార్మైకేల్, ఫోకంబెర్గ్, లేమర్. నిజమైన మాట చెప్పడం ఒకటి, అది నిజమని ఇతరులు సరిచూసుకోగలిగేలా చెప్పడం మరొకటి. గణితం రెండవదానినే జ్ఞానంగా లెక్కిస్తుంది.

కథ ఇంకా ముగియలేదు. 2² − 1 = 3, 2³ − 1 = 7, 2⁷ − 1 = 127, ఆపై 2¹²⁷ − 1. ఒక్కొక్కటి తరువాతిదానికి ఘాతాంకం, అన్నీ ప్రధాన సంఖ్యలే. 1876లో కతలాన్ ఈ వరుసను గమనించాడు. దీని తరువాతి సంఖ్య ప్రధానమో కాదో నేటికీ ఎవరికీ తెలియదు. దాని అంకెలను రాయడానికే ఈ భూమిపై చోటు చాలదు, కాబట్టి లూకాస్ దారి కూడా అక్కడికి చేరదు. నాలుగు సార్లు సరిపోయింది కదా అని అయిదవదీ ప్రధానమే అనాలనిపిస్తే, 2047ను ఒకసారి గుర్తుచేసుకోండి.

9. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అయిదు మాత్రలకు లఘు గురువులతో ఏర్పడే ఎనిమిది విధాలను రాయండి.
2. 2³ − 1 = 7ను లూకాస్ పరీక్షతో పరిశీలించండి. రెండవ స్థానంలో ఏ శేషం రావాలి?
3. 5.2లో ఇచ్చిన 2047 వరుసను మరికొన్ని స్థానాలు పొడిగించండి. అందులో 0 ఎప్పటికైనా వస్తుందా? కారణం రాయండి.
4. "మెర్సెన్ జాబితాలో 127 సరైనదే కాబట్టి ఆ ఘనత మెర్సెన్‌దే." ఈ అభిప్రాయాన్ని ఒక పుటకు మించకుండా చర్చించండి.